స్విట్జర్లాండ్ ప్రయాణం: వీసా ఒక లెక్క, కస్టమ్స్ మరో లెక్క

స్విట్జర్లాండ్ చుట్టూ ఉన్న దేశాల్లో ఆస్ట్రియా, జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ నాలుగూ ఐరోపా సమాఖ్య సభ్య దేశాలే. మధ్యలో ఉన్న స్విట్జర్లాండ్ మాత్రం ఆ సమాఖ్యలో చేరలేదు. ఆ సమాఖ్య ఉమ్మడి మార్కెట్‌తో కలిపే ఐరోపా ఆర్థిక ప్రాంతంలో చేరాలా వద్దా అని 1992 డిసెంబరు 6న జరిపిన ప్రజాభిప్రాయ సేకరణలో 50.3 శాతం మంది వద్దన్నారు. పదమూడేళ్ల తర్వాత, 2005 జూన్ 5న, సభ్య దేశాల మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసే షెంజెన్ ఒప్పందం విషయంలో అదే ఓటర్లు 54.6 శాతం మెజారిటీతో సరేనన్నారు. దాని ఫలితంగా 2008 డిసెంబరు 12 నుంచి రోడ్డు, రైలు సరిహద్దుల్లోనూ, 2009 మార్చి 29 నుంచి పొరుగు షెంజెన్ దేశాల విమానాలకూ క్రమబద్ధమైన పాస్‌పోర్టు తనిఖీ తొలగిపోయింది. అయితే సుంకాల విషయంలో ఆ దేశం ఐరోపా సమాఖ్యతో కలిసిపోలేదు. మనిషి దాటే సరిహద్దు ఒక చోట, అతని పెట్టె దాటే సరిహద్దు మరో చోట ఉండటం అందువల్లనే. ఐరోపా యాత్రకు బయల్దేరే వారిలో చాలామంది వీసా కోసం నెలల తరబడి శ్రమపడి, కస్టమ్స్ సంగతి విమానం దిగాక చూసుకోవచ్చని వదిలేస్తారు. చిక్కులు ఎక్కువగా ఎదురయ్యేది అక్కడే.

ఈ రెండు సరిహద్దులూ వేరని తెలియడానికి విమాన మార్గం ఒక్కటి చూస్తే చాలు. హైదరాబాదు నుంచి ఫ్రాంక్‌ఫర్టు మీదుగా జ్యూరిక్ వెళ్లే ప్రయాణికుడికి ఇమిగ్రేషన్ తనిఖీ ఫ్రాంక్‌ఫర్టులోనే జరుగుతుంది, ఎందుకంటే షెంజెన్ ప్రాంతంలో అతను మొదట అడుగుపెట్టేది అక్కడే. జ్యూరిక్‌లో దిగినప్పుడు సాధారణంగా పాస్‌పోర్టు ఎవరూ అడగరు. కానీ నేరుగా జ్యూరిక్‌కు వేసిన లగేజీకి కస్టమ్స్ జ్యూరిక్‌లోనే. అక్కడ ప్రకటించవలసిన వస్తువులున్నవారికి ఎర్ర దారి, లేనివారికి పచ్చ దారి ఉంటాయి, ఏ దారిన వెళ్లాలో ప్రయాణికుడే తేల్చుకోవాలి. దుబాయ్ లేదా దోహా మీదుగా వెళ్లేవారికి రెండు తనిఖీలూ జ్యూరిక్‌లోనే పూర్తవుతాయి కనుక ఈ తేడా కంటబడదు.

ముందుగా వీసా. భారతీయ పాస్‌పోర్టుతో స్విట్జర్లాండ్ వెళ్లేవారికి షెంజెన్ స్వల్పకాలిక వీసా తప్పనిసరి. ఈ వీసా ప్రస్తుతం 29 దేశాలలో చెల్లుతుంది; వాటిలో 25 ఐరోపా సమాఖ్య దేశాలు కాగా మిగిలిన నాలుగూ ఐస్‌లాండ్, నార్వే, స్విట్జర్లాండ్, లీక్టెన్‌స్టైన్. బ్రిటన్, ఐర్లాండ్ ఈ జాబితాలో లేవు. జర్మనీలోనో ఫ్రాన్స్‌లోనో చదువుకుంటూ అక్కడి దీర్ఘకాలిక నివాస పర్మిట్ ఉన్న విద్యార్థి స్విట్జర్లాండ్ చూడటానికి విడిగా వీసా తీసుకోనక్కరలేదు. ఏ 180 రోజుల వ్యవధిలోనైనా 90 రోజుల వరకు పర్మిట్, పాస్‌పోర్టు రెండూ వెంట పెట్టుకొని తిరగవచ్చు. లండన్‌లో చదువుకునే విద్యార్థికి గానీ, అమెరికా గ్రీన్‌కార్డు ఉన్న భారతీయుడికి గానీ ఆ సౌకర్యం లేదు, వారూ వీసా తీసుకోవలసిందే. ఇక 20 యూరోల రుసుముతో రానున్న ఈటియాస్ అనుమతి గురించి వాట్సాప్‌లో తిరిగే వార్తలు చాలామందిని అయోమయంలో పడేస్తున్నాయి. అది వీసా అక్కరలేని దేశాల పౌరులకు ఉద్దేశించినది. డాలస్‌లో స్థిరపడి అమెరికా పౌరసత్వం తీసుకున్న తెలుగు కుటుంబానికి అది వర్తిస్తుంది. గుంటూరు నుంచి భారతీయ పాస్‌పోర్టుతో బయల్దేరే వారి తల్లిదండ్రులకు వర్తించదు.

ఏ దేశానికి దరఖాస్తు చేయాలన్నది రెండో ప్రశ్న. దీనికి నియమం స్పష్టంగానే ఉంది: యాత్రలో ఎక్కువ రోజులు ఏ దేశంలో గడుపుతారో, లేదా ప్రయాణానికి అసలు కారణం ఏ దేశంలో ఉందో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి, రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి చేయాలి. పారిస్‌లో మూడు రాత్రులు, ఇంటర్‌లాకెన్, లూసెర్న్‌లలో కలిపి నాలుగు, రోమ్‌లో మూడు ఉంటే ఆ దరఖాస్తు స్విట్జర్లాండ్‌కు వెళ్లాలి. వేసవి సెలవులకు ముందు, మార్చి నుంచి మే దాకా, దరఖాస్తు ఇవ్వడానికి అపాయింట్‌మెంట్ స్లాట్లు దొరకడం కష్టమవుతుంది. అప్పుడు ఏ దేశానికి స్లాట్ ఉంటే ఆ దేశానికే దరఖాస్తు వేసి, వీసా వచ్చాక దారి మార్చుకుందామనే సలహా ఏజెంట్ల నోట తరచూ వినిపిస్తుంది. ఈ సలహా చాలా ప్రమాదకరమైనది. దరఖాస్తులో చూపిన యాత్రకూ నిజంగా చేస్తున్న యాత్రకూ పొంతన లేదని సరిహద్దు అధికారికి అనిపిస్తే ప్రవేశం నిరాకరించే, వీసాను రద్దు చేసే అధికారం అతనికి ఉంది. ఆ రద్దు వివరం షెంజెన్ దేశాలన్నిటికీ ఉమ్మడిగా ఉన్న వీసా సమాచార వ్యవస్థలో నమోదవుతుంది కనుక మరో దేశానికి దరఖాస్తు చేసినప్పుడు కూడా కనిపిస్తుంది. ఇలాంటి సలహా ఇచ్చిన ఏజెంటు అప్పుడు పక్కన ఉండడు.

దరఖాస్తును ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి ఇవ్వవచ్చు; కనీసం పదిహేను రోజుల ముందు ఇవ్వాలి. నిర్ణయానికి సాధారణ గడువు 15 రోజులు, అదనపు పరిశీలన అవసరమైతే 45 రోజుల దాకా పట్టవచ్చు. 2024 జూన్ 11 నుంచి వీసా రుసుము పెద్దలకు 90 యూరోలు, ఆరేళ్లు నిండి పన్నెండేళ్లు నిండని పిల్లలకు 45 యూరోలు. ఆరేళ్ల లోపు పిల్లలకు రుసుము లేదు. తిరస్కరించినా ఈ సొమ్ము వెనక్కి రాదు. భారత్‌లో స్విస్ వీసా దరఖాస్తులు స్వీకరించేది వీఎఫ్‌ఎస్ అనే ప్రైవేటు సంస్థ కేంద్రాలు. వాటి సేవా రుసుము దీనికి అదనం. విచిత్రమేమిటంటే 2001లో ఆ సంస్థను మొదలుపెట్టింది కూడా క్యూనీ అనే స్విస్ ప్రయాణ సంస్థే. వీఎఫ్‌ఎస్ సిబ్బంది కాగితాలు సరిచూసి, వేలిముద్రలు, ఫొటో తీసుకొని రాయబార కార్యాలయానికి పంపుతారు, అంతవరకే. వీసా ఇవ్వాలా వద్దా అనే నిర్ణయంతో వారికి సంబంధం లేదు. కౌంటర్ దగ్గర అమ్మే ప్రీమియం లాంజ్ వల్ల కూర్చునే కుర్చీ మెత్తగా ఉంటుందేమో గానీ దరఖాస్తు బలపడదు. ఒకసారి ఇచ్చిన వేలిముద్రలు 59 నెలల వరకు తిరిగి వాడుకోవచ్చు. పన్నెండేళ్ల లోపు పిల్లల వేలిముద్రలు తీసుకోరు.

పాస్‌పోర్టు గడిచిన పదేళ్లలో జారీ అయినదై ఉండాలి, షెంజెన్ ప్రాంతం విడిచే తేదీ తర్వాత ఇంకా కనీసం మూడు నెలలు చెల్లాలి, రెండు పేజీలైనా ఖాళీగా ఉండాలి. ప్రయాణ బీమా 30,000 యూరోలకు తగ్గకూడదు. అత్యవసర వైద్యం, ఆసుపత్రి ఖర్చు, మరణిస్తే మృతదేహాన్ని స్వదేశం చేర్చడం వంటివన్నీ అందులో ఉండాలి. ఆ పాలసీ స్విట్జర్లాండ్‌కే కాక షెంజెన్ ప్రాంతమంతటికీ వర్తించాలి.

కాగితాల్లో అధికారి ఎక్కువసేపు చూసేది బ్యాంకు స్టేట్‌మెంటునే. స్విట్జర్లాండ్ ఈ విషయంలో ఒక స్పష్టమైన కొలత పెట్టింది: సొంత ఖర్చుతో వచ్చే ప్రయాణికుడికి రోజుకు సుమారు 100 స్విస్ ఫ్రాంకులు, చెల్లుబాటయ్యే విద్యార్థి కార్డు ఉన్నవారికి 30 ఫ్రాంకులు. అంటే పది రోజుల యాత్రకు ఒక్కొక్కరికి 1,000 ఫ్రాంకులు చూపగలగాలి. ఆ దేశంలో హోటళ్ల ధరలు తెలిసినవారు ఈ మొత్తంతో పది రోజులు గడుస్తాయని అనుకోరు. ఇది కనీస ప్రమాణం, అంతే. మొత్తం ఎంతన్నదాని కంటే అది ఎలా వచ్చిందన్నది ముఖ్యం. నెలనెలా జీతం పడుతూ, ఇంటి ఖర్చులు పోతూ, కొంత మిగులుతూ ఉన్న ఖాతా ఆ మనిషి జీవితాన్ని చూపిస్తుంది. దరఖాస్తుకు వారం ముందు ఎక్కడి నుంచో నాలుగు లక్షలు వచ్చి పడిన ఖాతా అనుమానాన్ని తప్ప మరి దేన్నీ చూపదు. పొలం అమ్మిన డబ్బో, ఫిక్స్‌డ్ డిపాజిట్ ముగిసి వచ్చిన సొమ్మో అయితే ఆ కాగితాన్ని జతచేసి కవర్ లెటర్‌లో ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది. ఆదాయపు పన్ను రిటర్నులు, ఉద్యోగుల సెలవు పత్రం, జీతం స్లిప్పులు, వ్యాపారులకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ వంటివన్నీ చెప్పేది కూడా ఒకటే: ఈ వ్యక్తి తిరిగి రావడానికి ఇక్కడ కారణం ఉంది. రైతులకు, ఇంట్లో ఉండే పెద్దవారికి జీతం స్లిప్పులు ఉండవు. పట్టాదారు పాసుపుస్తకం, పింఛను పత్రాలు, ప్రయాణ ఖర్చు భరించే కొడుకు లేదా కూతురి కాగితాలు ఆ లోటు తీర్చాలి.

స్విట్జర్లాండ్‌లో ఉంటున్న బంధువు ఆహ్వానం మీద వెళ్లేవారి దగ్గర సొంత ఆధారం చాలదని అధికారులు భావిస్తే, ఆ బంధువు నుంచి 30,000 ఫ్రాంకుల వరకు హామీ పత్రం కోరవచ్చు. అతిథి వైద్యానికో, తిరుగు ప్రయాణానికో ప్రభుత్వం ఖర్చు పెట్టవలసి వస్తే ఆ మేరకు హామీ ఇచ్చినవారు భరించాలన్నది దాని అర్థం. జ్యూరిక్‌లో ఉద్యోగం చేస్తున్న యువకుడు ఊరి నుంచి అమ్మానాన్నలను పిలిపించుకోవాలంటే, ఆహ్వాన లేఖతో పాటు ఈ హామీ సంగతి కూడా ముందే ఆలోచించుకోవాలి.

వీసా స్టిక్కర్ చేతికొచ్చాక దాన్ని సరిగ్గా చదవడం మరో పని. అందులో మొదటి రెండు తేదీలూ వీసా చెల్లుబాటు కాలానికి సంబంధించినవి. ఎన్ని రోజులు ఉండవచ్చో వేరే గడిలో అంకె ఉంటుంది. ప్రయాణం ఆలస్యమైతే ఇబ్బంది పడకుండా సాధారణంగా 15 రోజులు కలిపి చెల్లుబాటు కాలం ఇస్తారు. ఉదాహరణకు వీసా మే 1 నుంచి మే 25 వరకు చెల్లుతుందని, ఉండగల రోజులు 10 అని రాసి ఉందనుకుందాం. మే 4న అడుగుపెట్టిన వ్యక్తి మే 13 రాత్రిలోగా బయటపడాలి. 25 దాకా ఉండవచ్చనుకోవడం పొరపాటు. వచ్చిన రోజు, వెళ్లే రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. ఎన్నిసార్లు ప్రవేశించవచ్చన్న గడిలో ఒకటి అని ఉన్నా పారిస్ నుంచి జ్యూరిక్‌కూ, అక్కడి నుంచి మిలాన్‌కూ వెళ్లడానికి అడ్డులేదు, అదంతా ఒకే ప్రాంతం కనుక. మధ్యలో లండన్ వెళ్లి రావాలనుకుంటే మాత్రం ఆ వీసా అక్కడితో అయిపోయినట్టే.

రోజుల లెక్క ఇంతకాలం పాస్‌పోర్టులోని ముద్రల మీద ఆధారపడేది, ముద్ర చెదిరినా కనబడకపోయినా వాదనకు అవకాశం ఉండేది. 2025 అక్టోబరు 12న ప్రవేశ నిష్క్రమణ వ్యవస్థ దశలవారీగా మొదలైన తర్వాత ఆ లెక్క కంప్యూటర్ చేతికి వెళుతోంది. వీసా మీద వచ్చేవారి వేలిముద్రలు ముందే వీసా వ్యవస్థలో ఉంటాయి కనుక సరిహద్దులో ముఖచిత్రం మాత్రం తీసుకుంటారు. ప్రవేశ వివరాలు మూడేళ్ల పాటు నిల్వ ఉంటాయి. గడువు మించి ఒక రోజు ఉన్నా ఆ వ్యవస్థ దాన్ని గుర్తిస్తుంది. అధికారి దయతలిచి చూసీ చూడనట్టు వదిలేసే రోజులు పోతున్నాయి.

నియమాలను సక్రమంగా పాటించినవారికి ప్రయోజనం కూడా ఉంది. భారత్‌లో నివసించే భారతీయులకు ప్రత్యేక పద్ధతిని ఐరోపా కమిషన్ 2024 ఏప్రిల్ 18న ఆమోదించింది. గడిచిన మూడేళ్లలో రెండు షెంజెన్ వీసాలు పొంది, సక్రమంగా వాడుకున్నవారికి రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ వీసా, దాని తర్వాత పాస్‌పోర్టు గడువు అనుమతిస్తే అయిదేళ్ల వీసా ఇవ్వవచ్చు. అయితే వీసా అయిదేళ్లదైనా 180 రోజుల్లో 90 రోజుల పరిమితి మారదు.

తిరస్కరిస్తే, కారణాలు గుర్తించిన ఒక ప్రామాణిక ఫారం ఇస్తారు. వీసా గడువులోగా దేశం విడుస్తారన్న నమ్మకం కలగలేదన్నది, ప్రయాణ ఉద్దేశం సరిగా నిరూపించలేదన్నది తరచూ కనిపించే కారణాలు. స్విస్ నిర్ణయం మీద 30 రోజుల్లోగా బెర్న్‌లోని స్విస్ ప్రభుత్వ వలస వ్యవహారాల సచివాలయానికి అభ్యంతరం తెలుపుకోవచ్చు, దానికి 200 ఫ్రాంకుల రుసుము కట్టాలి. అక్కడా కాదంటే ఫెడరల్ పరిపాలనా న్యాయస్థానం ఉంది. కాగితం లోపం వల్ల తిరస్కరించారని స్పష్టంగా తెలిసినప్పుడు లోపం సరిచేసి మళ్లీ దరఖాస్తు వేయడమే త్వరగా తేలే మార్గం. వీసా ఉన్నంత మాత్రాన ప్రవేశం ఖాయమనీ అనుకోకూడదు. మొదటి సరిహద్దులో అధికారి హోటల్ బుకింగ్, తిరుగు టికెట్, బీమా, డబ్బు ఆధారాలు అడగవచ్చు. అవి పెట్టెలో కాక చేతి సంచిలో ఉండాలి.

ఇక పెట్టె సంగతి. తెలుగు ఇళ్లలో విదేశాలకు బయల్దేరే పెట్టెలో బట్టల కంటే తిండి ఎక్కువ ఉంటుందన్నది అందరికీ తెలిసినదే. భారత్ నుంచి స్విట్జర్లాండ్‌కు ఏవి తీసుకెళ్లవచ్చన్నది మూడు ప్రశ్నలుగా విడిపోతుంది: జంతువుల నుంచి వచ్చినదా, పచ్చి మొక్క భాగమా, లేక ఇవి రెండూ కానిదా. మాంసం, పాలు, వాటితో చేసినవి ఐరోపా సమాఖ్య, నార్వే, ఐస్‌లాండ్‌లు కాక మిగతా దేశాల నుంచి ప్రయాణికులు తీసుకురావడం నిషిద్ధం. గాలికుంటు వంటి పశువ్యాధులు ఆహారం ద్వారా తమ పశుసంపదకు సోకకుండా చూడటమే దీని ఉద్దేశం. ఆల్ప్స్ కొండల మీద ఆవుల మీద ఆధారపడిన దేశానికి ఇది చిన్న విషయం కాదు. అందువల్ల నాటుకోడి పచ్చడి, గోంగూర మాంసం, ఇంట్లో కాచిన నెయ్యి, కోవా, పన్నీరు ఎంత తక్కువైనా, డబ్బాకు ఎంత గట్టిగా సీలు వేసినా వెళ్లకూడదు. చేపలు, రొయ్యల విషయంలో మాత్రం నియమం వేరు. సొంత వాడకానికి 20 కిలోల వరకు అనుమతి ఉంది. కాబట్టి భీమవరం నుంచి బయల్దేరిన పెట్టెలో కోడి పచ్చడి సీసా చెత్తబుట్టకు పోవచ్చు, దాని పక్కనే ఉన్న రొయ్యల పచ్చడి సీసా దాటిపోవచ్చు. చూడటానికి విడ్డూరంగా ఉన్నా, వ్యాధులు ఏ జీవుల ద్వారా వ్యాపిస్తాయన్న లెక్కలో దీనికి అర్థం ఉంది.

ఆవకాయ, మాగాయ, గోంగూర పచ్చడి, కందిపొడి, కారప్పొడి, అప్పడాలు, వడియాలు మొక్కల నుంచి వచ్చి, ప్రాసెస్ అయినవి. వాటికి ఈ నిషేధం లేదు. నూనె కారి పెట్టెలోని బట్టలు పాడవకుండా చూసుకోవడమే వాటి విషయంలో అసలు సమస్య. పచ్చివి మాత్రం కష్టం. తాజా పండ్లు, కూరగాయలు, ఆకులు, పూలు, విత్తనాలకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. అనాస, అరటి, కొబ్బరి, ఖర్జూరం, డూరియన్ పండ్లకు మాత్రమే మినహాయింపు. కొబ్బరికాయ వెళ్తుంది, కరివేపాకు, మునక్కాయ, బంగినపల్లి మామిడి ధ్రువపత్రం లేకుండా వెళ్లవు. వేసవి యాత్రలూ మామిడి పండ్లూ ఒకే నెలల్లో వస్తాయి కనుక బంధువులకు డజను పండ్లు తీసుకెళ్లాలన్న కోరిక సహజమే. అయితే మామిడి మీద ఐరోపాకు ఎంత భయమో 2014లో తెలిసింది. సరుకులో పండు ఈగలు కనిపించడంతో ఆ ఏడాది మే 1 నుంచి ఐరోపా సమాఖ్య భారతీయ మామిడితో పాటు వంకాయ, కాకర, పొట్ల, చేమ దిగుమతులనూ ఆపేసింది; మామిడి మీద నిషేధం 2015 మొదట్లో గానీ తొలగలేదు. వ్యాపారులకే అంత కష్టమైన దారి పెట్టెలో నాలుగు పండ్లు పెట్టుకున్న ప్రయాణికుడికి తేలిక కాదు.

బహుమతుల విలువకూ హద్దు ఉంది. సొంత బట్టలు, ఫోను, కెమెరా, ఒంటి మీది నగలు, తిరిగి వెంట తీసుకెళ్లే వ్యక్తిగత సామాను ఈ లెక్కలోకి రావు. ఇచ్చిపోయే వస్తువుల మొత్తం విలువ ఒక్కొక్కరికి 150 ఫ్రాంకులు దాటకూడదు. 2024 చివరి దాకా ఇది 300 ఉండేది, 2025 జనవరి 1 నుంచి సగానికి తగ్గించారు. ఈ తగ్గింపు భారతీయులను దృష్టిలో పెట్టుకొని చేసినది కాదు. జర్మనీలోని కాన్‌స్టాన్స్ వంటి సరిహద్దు పట్టణాలకు వెళ్లి చవకగా సరుకులు కొనుక్కొచ్చే స్విస్ ప్రజలనే అది ఉద్దేశించింది. అయినా నియమం అందరికీ ఒకటే. జెనీవాలో ఉన్న కూతురికి 250 ఫ్రాంకుల విలువైన పోచంపల్లి పట్టుచీర తీసుకెళ్తే పరిమితి దాటిన 100 ఫ్రాంకుల మీద కాక మొత్తం 250 మీదా 8.1 శాతం వ్యాట్ (విలువ ఆధారిత పన్ను), అంటే 20 ఫ్రాంకుల 25 సెంటీములు కట్టాలి. ఒక్క వస్తువు విలువను భార్యాభర్తల మధ్య పంచి చూపడం కుదరదు. పారిశ్రామిక వస్తువుల మీద దిగుమతి సుంకాన్ని 2024 జనవరి 1న స్విట్జర్లాండ్ పూర్తిగా ఎత్తేసింది కనుక ఇటువంటి వాటికి ఆ వ్యాట్ తప్ప మరో భారం ఉండదు. ఇరవై ఫ్రాంకులు మిగిల్చుకుందామని పచ్చ దారిన వెళ్లి పట్టుబడితే, పన్నుతో పాటు జరిమానా కూడా కట్టాలి.

మద్యం, పొగాకు పదిహేడేళ్లు నిండినవారికే: 18 శాతానికి మించిన మద్యం ఒక లీటరు, అంతకు తక్కువ శాతం ఉన్నది అయిదు లీటర్లు, సిగరెట్లు 250. మందులు ఒక నెల వాడకానికి సరిపడా. నిద్రమాత్రలు, బలమైన నొప్పి మందులు వాడేవారు వైద్యుడి చీటీ తప్పక వెంట ఉంచుకోవాలి.

తెలుగు ప్రాంతాల నుంచి వెళ్లేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. శేషాచలం అడవుల్లో పెరిగే ఎర్రచందనం అంతర్జాతీయ వన్యప్రాణి, వృక్షజాతుల వాణిజ్య ఒప్పందం రెండో అనుబంధంలో, అంటే అనుమతి పత్రం లేకుండా దేశం దాటించకూడని వాటి జాబితాలో, ఉంది. ఎర్రచందనంతో చెక్కిన బొమ్మను తీసుకెళ్లడం బయల్దేరే విమానాశ్రయంలోనే నేరంగా మారవచ్చు. పొనికి చెక్కతో చేసే కొండపల్లి బొమ్మలకు ఆ చిక్కు లేదు. పేరున్న బ్రాండ్ల నకిలీ సంచులు, గడియారాలు సొంత వాడకానికైనా సరే, 2008 జూలై నుంచి స్విస్ కస్టమ్స్ వాటిని స్వాధీనం చేసుకుంటోంది. గడియారాల దేశంలో ఇది ఆశ్చర్యం కలిగించే విషయం కాదు.

నగదు విషయంలో రెండు సరిహద్దుల తేడా మరీ స్పష్టం. ఐరోపా సమాఖ్యలోకి వచ్చినా, వెళ్లినా 10,000 యూరోలు లేదా అంతకు మించిన నగదును రాతపూర్వకంగా ప్రకటించాలి. 2021 జూన్ నుంచి బంగారు నాణేలు, కడ్డీలు కూడా నగదుగానే లెక్కకు వస్తాయి. స్విట్జర్లాండ్‌లో ముందుగా ప్రకటించవలసిన అవసరం లేదు గానీ, అధికారి అడిగితే 10,000 ఫ్రాంకులు లేదా అంతకు మించిన మొత్తం ఎక్కడి నుంచి వచ్చింది, ఎందుకు అన్నవాటికి నిజం చెప్పి తీరాలి. భారత్ నుంచి బయల్దేరేవారు విదేశీ నోట్లను ఒక యాత్రకు 3,000 డాలర్ల విలువకు మించి తీసుకెళ్లకూడదు కనుక మామూలు పర్యాటకుడికి ఈ ప్రశ్న ఎదురుకాదు; మిగతాది ఫారెక్స్ కార్డులో ఉంటుంది.

యాత్ర మధ్యలో స్విట్జర్లాండ్‌లోకి రావడం, పోవడం కూడా కస్టమ్స్ సరిహద్దు దాటడమే. మిలాన్ నుంచి జ్యూరిక్ వచ్చే రైలు కియాసో దగ్గర ఆగినప్పుడు స్విస్ సరిహద్దు సిబ్బంది ఎక్కి పెట్టెలు చూడవచ్చు. ఇటలీలో కొన్న మాంసం ఒక్కొక్కరికి ఒక కిలో వరకే ఉచితం. ఆపైన కిలోకు 17 ఫ్రాంకుల సుంకం. బాజెల్ విమానాశ్రయం మరీ వింతైనది. అది పూర్తిగా ఫ్రాన్స్ నేల మీద ఉన్నా, అందులో ఒక భాగం స్విస్ కస్టమ్స్ పరిధిలో నడుస్తుంది. ఏ ద్వారం నుంచి బయటికి వస్తారన్నదాన్ని బట్టి ఏ దేశపు నియమాలు వర్తిస్తాయో తేలుతుంది. లీక్టెన్‌స్టైన్ మాత్రం 1924 నుంచి స్విస్ కస్టమ్స్ ప్రాంతంలో భాగం కనుక దాని రాజధాని వాడుజ్ చూసి రావడానికి ఏ తనిఖీ ఉండదు.

ఈ తేడా వల్ల డబ్బు నష్టపోయేది ఎక్కువగా పన్ను వాపసు దగ్గర, అంటే పర్యాటకులు కొన్న వస్తువుల మీద కట్టిన వ్యాట్‌ను వెళ్లేటప్పుడు వెనక్కి తీసుకునే దగ్గర. పారిస్‌లో హ్యాండ్‌బ్యాగు కొని, రైల్లో జ్యూరిక్ చేరి, అక్కడి నుంచి ఇంటికి విమానమెక్కే ప్రయాణికుడు వాపసు పత్రాన్ని జ్యూరిక్ విమానాశ్రయంలో చూపితే పని జరగదు. ఐరోపా సమాఖ్యను విడిచే చివరి చోట, అంటే ఫ్రాన్స్ సరిహద్దు దాటకముందే, ఫ్రెంచి కస్టమ్స్ ధ్రువీకరణ పూర్తికావాలి. అంత వేగంగా పోయే రైల్లో ఆ అవకాశం దాదాపు ఉండదు కనుక, పెద్ద కొనుగోళ్లు ఉన్నవారు యాత్ర క్రమాన్నే మార్చుకొని తిరుగు విమానం పారిస్ నుంచి పెట్టుకోవడం లాభం. లూసెర్న్‌లో గడియారం కొన్నవారికి లెక్క తిరగబడుతుంది. ఒక దుకాణంలో పన్నుతో కలిపి కనీసం 300 ఫ్రాంకులు ఖర్చుపెట్టి ఉంటే స్విస్ వ్యాట్ వాపసు వస్తుంది, కానీ స్విట్జర్లాండ్ విడిచేటప్పుడే అక్కడి కస్టమ్స్ ముద్ర పడాలి. అదే గడియారంతో రోడ్డు మీదుగా ఫ్రాన్స్‌లో ప్రవేశిస్తే 300 యూరోల పరిమితి, విమానంలో అయితే 430 యూరోల పరిమితి ఎదురవుతుంది. రసీదు, తిరుగు టికెట్ చూపి వస్తువు స్వదేశానికి వెళ్లేదని కస్టమ్స్ అధికారికి తామే ముందుగా చెప్పడం మంచిది. ఆ రసీదునే శంషాబాద్‌లో దిగాక కూడా అడుగుతారు. ఇంటి నుంచి తీసుకెళ్లిన నగలను తిరిగి తెచ్చేటప్పుడు కొత్తగా కొన్నవి కావని నిరూపించుకోవడానికి, బయల్దేరేటప్పుడే విమానాశ్రయ కస్టమ్స్ కౌంటర్‌లో ఎగుమతి ధ్రువపత్రం తీసుకోవచ్చు. దానికి పట్టే సమయాన్ని లెక్కలోకి తీసుకొని విమానాశ్రయానికి ఒక గంట ముందుగా చేరుకోవాలి.